ఆ గుర్తులు అచ్చుతప్పులు కావు

సంపాదకులు గారికి,

నమస్కారం. డిగ్రీ కాలేజీల లెక్చరర్ పోస్టుల గురించి మీ పత్రికలో వరసగా ఉత్తరాలు వస్తున్నాయి. ఖాళీలెన్ని, నోటిఫికేషన్ ఎప్పుడు, రోస్టర్ సంగతేంటి అని అడుగుతున్నారు. అడగాల్సినవే. పరీక్షలో ఏం అడుగుతున్నారన్న మాట మాత్రం ఎవరూ ఎత్తడం లేదు. ఇంగ్లీషు సబ్జెక్టు వరకూ ఆ మాట నేను ఎత్తవచ్చు, తప్పులో నాకూ వాటా ఉంది కాబట్టి. గుంటూరు బ్రాడీపేటలో ఒక కోచింగ్ సెంటర్లో పదకొండేళ్లుగా నెట్‌కీ, సెట్‌కీ (లెక్చరర్ కావడానికి దేశం, రాష్ట్రం స్థాయిలో పెట్టే అర్హత పరీక్షలు), లెక్చరర్ పరీక్షలకీ ఇంగ్లీషు సాహిత్యం చెబుతున్నాను. చెబుతున్నానంటే బిట్లు, అదే నాలుగు ఆప్షన్లలో ఒకటి గుర్తించే ప్రశ్నలు, చెబుతున్నాను. వాటిని తయారు చేసేదీ నేనే.

బిట్టు ఎలా తయారవుతుందో వినండి. డ్రైడన్ అనే ఆయన 1668లో నాటకాల మీద ఒక వ్యాసం తెచ్చాడు. ఇంగ్లీషు, డచ్చి నౌకాదళాలు సముద్రం మీద కొట్టుకుంటున్న రోజున నలుగురు మిత్రులు థేమ్స్ నదిలో పడవెక్కి, దూరాన ఫిరంగుల మోత వింటూ వెళతారు. మోత సన్నగిల్లాక గెలుపు మనదేలే అనుకుంటారు. ఈ గెలుపు మీద ఇక ఎంత చెత్త కవిత్వం వచ్చిపడుతుందో, అదంతా చదవాలా అని అందులో ఒకాయన బెంగపడతాడు. అక్కణ్నుంచి మొదలు: పాతవాళ్లు గొప్పా ఇప్పటివాళ్లా, ఫ్రెంచి నాటకం మేలా ఇంగ్లీషుదా. ప్రకాశం బ్యారేజీ ఎగువన సాయంత్రం పూట పడవలో మన సభల మిత్రులు నలుగురు పోట్లాడుకున్నట్టే ఉంటుంది. ఇది నేను క్లాసులో చెప్పేది ఇలా: క్రైటీస్ ప్రాచీనులు, యూజీనియస్ ఆధునికులు, లిసిడీయస్ ఫ్రెంచి, నియాండర్ ఇంగ్లీషు. వరస గుర్తుండటానికి కోడ్ ‘క్రి-యూ-లి-ని’. నాలుగు నిమిషాల్లో అయిపోతుంది. పడవ ఉండదు, ఫిరంగులుండవు. ‘జతపరచండి’ అని వస్తే మా వాళ్లు నాలుగుకి నాలుగూ కొడతారు.

సిడ్నీ అనే ఇంగ్లీషు కవి దగ్గర ఇంకో తమాషా. ఆయన 1586లో పోయాడు. కవిత్వాన్ని వెనకేసుకొస్తూ రాసిన వ్యాసం 1595లో అచ్చయింది, అదీ ఇద్దరు ప్రచురణకర్తలు రెండు వేరే పేర్లతో వేశారు. ‘కాలక్రమంలో అమర్చండి’ అన్నప్పుడు రాసిన ఏడాది పట్టుకోవాలా, అచ్చయిన ఏడాదా అని మా బ్యాచ్‌లో ఒకసారి గంటసేపు గొడవ జరిగింది. కవి దేన్నీ ఇది నిజమని చెప్పడు కాబట్టి అతను అబద్ధమాడే ప్రసక్తే లేదని సిడ్నీ అన్న మాట మీద మాత్రం ఏ బ్యాచ్‌లోనూ గొడవ జరగలేదు. జరిగితే నేనే ఆపేసేవాణ్ణి, సిలబస్ పూర్తి కాదు మరి.

అసలు ఈ ఉత్తరం రాయడానికి కారణం ఇంకో బిట్టు. ‘ప్రాక్టికల్ క్రిటిసిజం, ఐ.ఏ. రిచర్డ్స్, 1929.’ విమర్శ మీద వచ్చే ప్రశ్నల్లో ఇది వదలకూడనిదని బోర్డు మీద రెండు గీతలు కొట్టి మరీ చెబుతాను. ఆ పుస్తకంలో ఉన్నదేంటంటే, కేంబ్రిడ్జిలో రిచర్డ్స్ తన విద్యార్థులకు పదమూడు పద్యాలు ఇచ్చాడు. కవి పేరు తీసేశాడు, కాలం తీసేశాడు. మీకేం అనిపించిందో రాసుకురండి అన్నాడు. వచ్చిన కాగితాలు చూస్తే పెద్ద పెద్ద కాలేజీల పిల్లలు కూడా పద్యం సరిగా చదవలేకపోతున్నారని తేలింది. జాన్ డన్ లాంటి పెద్ద కవి పద్యాన్ని తిట్టిపోసినవాళ్లూ ఉన్నారు. అంటే పేరూ ఏడాదీ చేతిలో లేనప్పుడు మనిషి ఎలా చదువుతాడో తెలుసుకోవడానికి పుట్టిన పుస్తకం అది. దాన్నుంచి మేం పరీక్షకు ఏరుకున్నది పేరూ ఏడాదీ.

పోయిన వేసవిలో నాకే సిగ్గేసి, ఒక ఆదివారం మాక్ టెస్ట్ అయ్యాక ఒక జిరాక్స్ కాగితం పంచాను. రిచర్డ్స్ ఇచ్చిన పదమూడింటిలోనిదే, హాప్కిన్స్ అనే ఇంగ్లీషు కవి పద్యం, పదిహేను లైన్లు. పేరు లేదు. తోటలో ఆకులు రాలుతుంటే ఏడుస్తున్న ఒక చిన్నపిల్లతో కవి మాట్లాడతాడు: పెద్దయ్యేకొద్దీ ఇలాంటివి చూసి నీ మనసు కరగదు, అయినా ఏడుస్తావు, అప్పుడు ఎందుకో తెలిసి ఏడుస్తావు, నువ్వు ఏడుస్తున్నది నీకోసమే అంటాడు.

ముప్పై ఎనిమిది మంది ఉన్నారు. హాప్కిన్స్ అంటే వాళ్లకి నోటికి వచ్చు: ‘స్ప్రంగ్ రిథమ్’ (ఊనికలు లెక్కపెట్టి నడిపే ఆయన లయ), ‘ఇన్‌స్కేప్’ (ఒక్కో వస్తువుకి ఉండే దాని సొంత రూపానికి ఆయన పెట్టిన పేరు), 1889లో పోయాడు, పద్యాలు 1918లో రాబర్ట్ బ్రిడ్జెస్ వేయించాడు. కాగితం చూసి మొదట వచ్చిన ప్రశ్న ‘ఏ పీరియడ్ సార్?’ రెండోది వెనక బెంచీ నుంచి: ‘సార్, అక్షరాల మీద గీతలు పడ్డాయి, జిరాక్స్ సరిగా రాలేదా, అచ్చుతప్పులా?’

అవి తప్పులు కావు. ఏ అక్షరం మీద ఊనిక పడాలో చెప్పడానికి హాప్కిన్స్ తన చేత్తో పెట్టుకున్న గుర్తులు. ‘స్ప్రంగ్ రిథమ్’ అని వీళ్లు కొన్ని వందలసార్లు నల్లగా దిద్దిన గుండ్రం తాలూకు అసలు సరుకు అదే. అది ఎదురుగా వచ్చి నిలబడితే దుమ్మనుకున్నారు. వాళ్లను అనడానికి నాకు నోరు లేదు, ఆ పద్యం నేనూ క్లాసులో ఏనాడూ చదివి వినిపించలేదు.

మా మాక్ టెస్టుల్లో ఎప్పుడూ మొదటి స్థానంలో ఉండే అబ్బాయి ‘ప్రకృతి కవిత్వం, రొమాంటిక్ యుగం, వర్డ్స్‌వర్త్ ధోరణి’ అని రాసిచ్చాడు. నూటికి నలభై దాటని వినుకొండ వైపు అమ్మాయి ఒకతె సగం తెలుగులో సగం ఇంగ్లీషులో రాసింది: ‘మా నాయనమ్మ పోయినప్పుడు నాకు ఏడుపు రాలేదు. నెల తర్వాత ఆమె చెంబు కనిపిస్తే వచ్చింది. ఎందుకో అప్పుడు తెలియలేదు. ఈ పాపకీ తెలియదు, కవికి తెలుసు.’ క్రియాపదాల్లో మూడు తప్పులున్నాయి. ఆ కాగితం నా దగ్గరే ఉంది. ఆ ఏడాది అబ్బాయికి అర్హత వచ్చింది, అమ్మాయికి రాలేదు. అబ్బాయి మంచివాడు, కష్టపడ్డాడు, అతనికి వచ్చినందుకు నాకు సంతోషమే. అమ్మాయి మంచి టీచరవుతుందని పూచీ పడలేను కూడా. కానీ ఆ నాలుగు వాక్యాలకు మన పరీక్షల్లో ఒక్క మార్కు పడే చోటు లేదు.

అలాగని పాత పద్ధతిని నెత్తిన పెట్టుకోమనడం లేదు. నెట్‌లో 2012 దాకా మూడో పేపరు వ్యాసాలే. ఆ రోజుల్లో నేను రెండుసార్లు తప్పాను, ఎందుకు తప్పానో ఇప్పటికీ తెలియదు. దస్తూరీ బాగున్నవాడికి, కాన్వెంటు ఇంగ్లీషు వాడికి అది కలిసొచ్చేదని మా అందరి అనుమానం. 2012 జూన్ నుంచి అదీ బిట్లయింది, 2018లో ఆ పేపరే ఎత్తేశారు. ఇప్పుడు సబ్జెక్టు పేపరులో నూరు ప్రశ్నలు, రెండొందల మార్కులు, తప్పుకి కోత లేదు. బిట్టు నీ ఊరు అడగదు, నీ యాస వినదు. మాచర్ల, గురజాల నుంచి పదో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివొచ్చిన పిల్లలు జేఆర్‌ఎఫ్ (నెట్‌లో పైమార్కులకి వచ్చే పరిశోధన ఫెలోషిప్) కొట్టడం నా కళ్లతో చూశాను. ఆ తలుపు మూయమని నేను చచ్చినా అనను.

పరీక్షలో పద్యమో పేరానో ఇచ్చి ప్రశ్నలు అడుగుతున్నారు కదా అంటారు. అడుగుతున్నారు, నాలుగు ఆప్షన్లతో. దానికి మేం నేర్పే చిట్కా: పద్యం చదవొద్దు, ముందు ప్రశ్న చదువు, ఆప్షన్లలో మాట పద్యంలో ఎక్కడుందో వెతుకు, రెండు కొట్టేయ్, మిగతా రెంట్లో పొడుగున్నది పెట్టు. బాగానే పనిచేస్తుంది.

మన దగ్గర అవధానం ఉంది. పృచ్ఛకుడు సమస్య ఇస్తాడు, దత్తపది ఇస్తాడు, నిషిద్ధాక్షరితో నోరు కట్టేస్తాడు. అవధానిని పట్టుకుని ఫలానా ప్రబంధం ఏ ఏడాది రాశారు, కింది నాలుగింటిలో గుర్తించుము అని అడిగిన పృచ్ఛకుణ్ణి నేను చూడలేదు. సాహిత్యం వచ్చా రాదా అన్నది సభలో అందరి ముందూ తేలేది. అంత అక్కర్లేదు, అందులో పదో వంతు చాలు.

నేనడిగేది చిన్నది. నెట్ కేంద్రం చేతిలో ఉంది, దాన్ని వదిలేద్దాం. లెక్చరర్ పోస్టుల పరీక్ష మన రాష్ట్రం చేతిలోనిదే. బిట్లలో గట్టెక్కినవాళ్లకు మాత్రమే ఒక గంట పేపరు పెట్టండి. ఇరవై లైన్లలోపు పద్యం గానీ ఒక పేరా వచనం గానీ, కవి పేరు లేకుండా. ఇది ఏం చెబుతోంది, ఎలా చెబుతోంది, ఇంటర్ పాసై వచ్చిన పిల్లలకి దీన్ని మీరు ఏ మాటతో మొదలుపెట్టి చెబుతారు. రెండు పేజీలు. తెలుగు మాట పడినా ఫర్వాలేదనండి. నంబరు కనపడకుండా ఇద్దరు దిద్దాలి, తేడా ఎక్కువుంటే మూడో మనిషి. గ్రూప్-1 మెయిన్స్ వ్యాసాలు దిద్దించే రాష్ట్రానికి ఇది బరువు కాదు. ఆ దిద్దుబాటు గొడవలు హైకోర్టు దాకా వెళ్లిన సంగతీ ఎరుగుదును, అందుకే ఈ పేపరుకి పదిహేను శాతానికి మించి మార్కులు వద్దంటున్నాను.

దీనికీ కోచింగ్ సెంటర్లు మెటీరియల్ వేస్తాయని మీ పాఠకులు నవ్వుతారు. వేస్తాయి. నోటిఫికేషన్ వచ్చిన నెలలోపే ‘పేరులేని పద్యాలు, యాభై నమూనా జవాబులు’ అని నేనే వేస్తాను. అయితే అది తయారు చేయడానికి నేను యాభై పద్యాలు చదవాలి, కొన్నవాళ్లు కనీసం పదైనా చదవాలి. ఇప్పుడు ఆ పది కూడా చదవకుండానే పనైపోతోంది.

దిద్దడానికి మనుషులు చాలకపోతే పిలవండి, వస్తాను. ఆదివారాలు మాత్రం కుదరదు, మాక్ టెస్ట్ ఉంటుంది.

ఇట్లు,
ఒక బిట్ల మాస్టారు,
బ్రాడీపేట, గుంటూరు