మనవాళ్లు వచ్చేశారు, మరి అక్కడి పిల్లల సంగతి?

సంపాదకులు గారికి నమస్కారం.

2023 ఏప్రిల్ చివర్లో మీ పేపర్లో రోజూ సూడాన్ వార్తలే. యుద్ధం మొదలైన ఆ ఆఫ్రికా దేశం నుంచి మనవాళ్లను తెచ్చిన ఆపరేషన్ కావేరి, పోర్ట్ సూడాన్ నుంచి జెడ్డాకు మన నౌకలు, ఎయిర్‌పోర్టులో కళ్లనీళ్లు పెట్టుకున్న కుటుంబాల ఫొటోలు. 3,800 మందికి పైగా క్షేమంగా వచ్చారు, సంతోషం. ఆ మర్నాటి నుంచి సూడాన్ పేపర్లోంచి మాయమైపోయింది, యుద్ధం మాత్రం ఆగలేదు. ఎప్పుడైనా లోపలి పేజీలో అంగుళం వార్త, "సూడాన్‌లో దాడి, పలువురు మృతి" అని. ఏ ఊళ్లో, ఎవరు కొట్టారు, పోయినవాళ్లలో పిల్లలెందరు, ఏమీ ఉండదు. ఒకే ఊరి పేరు ఒకరోజు ఎల్ ఫషేర్, ఇంకోరోజు అల్ ఫాషిర్.

ఇంత పట్టింపు నాకెందుకంటే, మా ఇంటి పై పోర్షన్లో సూడాన్ కుర్రాడొకడు అద్దెకుంటున్నాడు, ఇక్కడే పీజీ చేస్తున్నాడు. హైదరాబాద్‌లో చదువుకునే సూడాన్ పిల్లలు ఎప్పటి నుంచో ఉన్నారు, మనమే పలకరించం. 2024 ఫిబ్రవరిలో ఆ దేశంలో ఫోన్ నెట్‌వర్కులన్నీ పడిపోయినప్పుడు రోజుల తరబడి మెట్ల మీద ఫోన్ పట్టుకుని కూర్చునేవాడు. తర్వాత తర్వాత అక్కడెవరో ఉపగ్రహం ద్వారా ఇంటర్నెట్ ఇచ్చే స్టార్‌లింక్ డిష్ పెట్టి గంటకింత అని తీసుకునేవాళ్లట, ఇంట్లోవాళ్లు అక్కడికెళ్లి లైన్లో నిలబడితేనే ఇతనికి కాల్. వాళ్ల మేనత్త ఉండేది సూడాన్ పడమటి ప్రాంతం డార్ఫూర్‌లోని ఎల్ ఫాషర్‌లో. ఆర్‌ఎస్‌ఎఫ్ అనే సాయుధ దళం ఆ ఊరిని 2024 మే నుంచి దిగ్బంధం చేసింది, చుట్టూ మట్టికట్ట కూడా పోసింది, అది ఉపగ్రహ చిత్రాల్లో కనపడుతుంది. లోపలికి బియ్యం వచ్చేవి కావు, బయటికి మనిషి వచ్చేవాడు కాదు.

ఒకరోజు అతను "పిల్లలు అంబాజ్ తింటున్నారు" అన్నాడు. అదేంటో నాకు అర్థం కాలేదు, ఫోన్లో ఫొటో చూపించాడు. పక్కన కూర్చున్న మా అమ్మ కళ్లజోడు సర్దుకుని చూసి, "ఇది చెక్క కదే, గేదెలకి నానబెట్టి పెడతాం" అంది. అదే. వేరుశనగ నూనె తీశాక మిగిలే చెక్క. మనింట్లో తెలగపిండి కూర ఇష్టంగా తింటాం, అది వేరు, పూటపూటా నీళ్లలో తడిపిన పశువుల దాణాతో పసివాళ్ల కడుపు నింపడం వేరు. చివరికి ఆ చెక్క కూడా దొరకడం కష్టమైందట.

ఆ రాజకీయం విప్పి చెప్పేంత తెలివి నాకు లేదు గానీ, క్లుప్తంగా ఇదీ: సైన్యాధిపతి బుర్హాన్, ఆర్‌ఎస్‌ఎఫ్ నాయకుడు హెమెద్తీ అని ఇద్దరు జనరల్స్ 2021లో కలిసి పౌర ప్రభుత్వాన్ని కూలదోశారు, తర్వాత హెమెద్తీ దళాన్ని సైన్యంలో కలిపే దగ్గర చెడింది, 2023 ఏప్రిల్ 15న రాజధాని ఖార్తూమ్ నడిబొడ్డునే కాల్పులు మొదలుపెట్టారు. కోటి మందికి పైగా ఇళ్లు వదిలారు. సాయం కావాల్సినవాళ్లు 3 కోట్ల మంది, అందులో సగం మంది పిల్లలు. ఎల్ ఫాషర్ పక్కనే ఉన్న జమ్‌జమ్ శిబిరంలో క్షామం వచ్చిందని 2024 ఆగస్టులోనే ప్రకటించారు, అది కూడా ఏ మూలో వేసి ఉంటారు. ఊళ్లలో కుర్రాళ్లే చందాలు పోగేసి పెద్ద గిన్నెల్లో పప్పు, జావ కాచి పంచే వంటశాలలు నడిపారు, 2025 మొదట్లో అమెరికా సాయం ఆపేయడంతో వాటిలో వందలకు వందలు మూతపడ్డాయి.

మనకేం సంబంధం అంటారేమో. 1953లో సూడాన్ మొదటి ఎన్నికలు జరిపించింది మన ఎన్నికల కమిషనర్ సుకుమార్ సేనే. పోనీ, అది పాత ముచ్చట. అక్కడ తవ్విన బంగారంలో ఎక్కువ భాగం చేరేది యూఏఈకి, ఆ దేశమే ఆర్‌ఎస్‌ఎఫ్‌కి ఆయుధాలిస్తోందని ఆరోపణలున్నాయి, వాళ్లేమో కాదంటున్నారు. దుబాయ్ నుంచి వచ్చే చుట్టాలతో గాజులు తెప్పించుకునేవాళ్లం మనం. బంగారం ధర రోజూ వేస్తారు కదా, ఆ పక్కన ఈ ముక్క కూడా ఒక్కసారి రాయొచ్చు.

2025 అక్టోబర్ 26న ఎల్ ఫాషర్ ఆర్‌ఎస్‌ఎఫ్ చేతిలో పడింది. సౌదీ ఆసుపత్రి అని పిలిచే కాన్పుల ఆసుపత్రిలో రోగులను, వాళ్లతో ఉన్నవాళ్లను కలిపి 460 మందికి పైగా చంపేశారని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. తప్పించుకున్నవాళ్లు సుమారు 60 కిలోమీటర్లు నడిచి తవీలా అనే ఊరు చేరారు, వాళ్లలో అమ్మానాన్నా ఎక్కడున్నారో తెలియని పిల్లలు వందల్లో ఉన్నారు.

నేను అడిగేది పెద్దదేం కాదు. వారానికి ఒకసారి అర కాలమ్ సూడాన్‌కి ఇవ్వండి, ఊళ్ల పేర్లతో, మ్యాపుతో. ఏజెన్సీ వార్త సరిపోకపోతే మీ విలేకరిని ఇక్కడి సూడాన్ విద్యార్థుల దగ్గరికి పంపండి, టీ తాగుతూ మాట్లాడితే ఆదివారం సంచికకు సరిపడా చెప్తారు.

మేనత్త, ఆమె చిన్న పిల్లలిద్దరూ తవీలాలో ఉన్నారని కబురొచ్చింది. పదిహేనేళ్ల పెద్దబ్బాయి సంగతి ఇంకా తెలీదు. మా అమ్మ రోజూ పేపర్ మొదటి పేజీ నుంచి చివరి దాకా తిరగేసి, "ఆ ఊరి గురించి ఏమన్నా వేశారా?" అని అడుగుతోంది.

ఇట్లు,
ఒక పాఠకురాలు, తార్నాక, హైదరాబాద్