వర్సిటీ విరాళాలు: ముందు మూలనిధి, ఆ తర్వాతే ఆర్చి

సంపాదకుడికి,

నల్లగొండలోని మహాత్మాగాంధీ, మహబూబ్‌నగర్‌లోని పాలమూరు విశ్వవిద్యాలయాలకు విరాళాలు పోగు చేద్దామన్న మాట వచ్చినప్పుడల్లా ముందుకొచ్చేవి ముఖద్వారం, ఆడిటోరియం, విగ్రహం. ఒకటి 2007లో, మరొకటి 2008లో పుట్టింది. వీటిలో చదివి స్థిరపడినవాళ్ల చేతుల్లో ఇప్పుడిప్పుడే నాలుగు డబ్బులు ఆడుతున్నాయి. తొలి విరాళాలు దేనికి ఖర్చయితే అదే ఆనవాయితీ అవుతుంది కాబట్టి ఈ చర్చ ఇప్పుడే జరగాలి.

విరాళాలతో వర్సిటీ నడపడంలో ఆరితేరినవి అమెరికాలోని కాథలిక్ పరిశోధన విశ్వవిద్యాలయాలు. వాషింగ్టన్‌లో 1887లో స్థాపించిన కాథలిక్ యూనివర్సిటీ ఆఫ్ అమెరికా కోసం దేశంలోని చర్చిల్లో ఏటా ప్రత్యేకంగా కానుకలు పడతారు. ఇండియానాలోని నోటర్ డామ్ తన ఫుట్‌బాల్ మ్యాచ్‌ల ప్రసారాన్ని 1991 నుంచి ఎన్‌బీసీకి ఇచ్చి, ఆ రాబడిలో కొంత స్కాలర్‌షిప్పులకు మళ్లించింది. వాళ్లూ భవనాలు కడతారు, దాతల పేర్లూ చెక్కిస్తారు. అయినా దాతల ముందుంచే పద్దుల్లో పేద విద్యార్థుల ఫీజు సాయం, ఆచార్య పదవులు, పరిశోధన తప్పక ఉంటాయి. 1990లో రెండో జాన్ పాల్ పోపు వెలువరించిన శాసనం ప్రకృతి రక్షణ, ప్రపంచ వనరుల న్యాయమైన పంపకం లాంటి సమస్యల మీద కాథలిక్ వర్సిటీలు పరిశోధన చేయాలని చెప్పింది. మతం మాట పక్కన పెట్టినా, మర్రిగూడ, మునుగోడు ఫ్లోరైడ్ నీళ్ల మీద పరిశోధన చేయని వర్సిటీ మనకెందుకు?

ఆ నీళ్ల సంగతే తీసుకుందాం. ఫ్లోరైడ్ కొలిచే మీటరు కొనిపెట్టడానికి దాత సులభంగానే దొరుకుతాడు. దాన్ని ఏళ్ల తరబడి నడిపించే డబ్బే దొరకదు. నమూనా నీటికి సమపాళ్లలో టిసాబ్ అనే ద్రావణం కలిపి, ఆమ్లత్వాన్ని పీహెచ్ 5–5.5 దగ్గర నిలిపి ఎలక్ట్రోడ్ ముంచాలి. లీటరుకు 1, 10 మిల్లీగ్రాముల ప్రమాణ ద్రావణాల మధ్య 54–60 మిల్లీవోల్టుల తేడా రావాలి. అంతకు తగ్గితే ఎలక్ట్రోడ్ మొద్దుబారిందనే అర్థం. టిసాబ్ అయిపోయిందని వట్టి నీళ్లలోనే ముంచితే మోసం ఇంకా పెద్దది. నల్లగొండ పద్ధతిలో పటిక, సున్నం వేసి శుద్ధి చేసిన నీటిలో కొంత అల్యూమినియం మిగులుతుంది. అది ఫ్లోరైడ్‌ను పట్టి ఉంచుతుంది. ఆ పట్టు విడిపించేది టిసాబే. ఎలక్ట్రోడ్‌కు విడిగా ఉన్న ఫ్లోరైడే కనిపిస్తుంది కాబట్టి అంకె తక్కువ చూపిస్తుంది. లీటరుకు 1.5 మిల్లీగ్రాముల పరిమితి దాటిన నీళ్లు కూడా కాగితం మీద మంచినీళ్లయిపోతాయి. మీటరు దాత పేరు మాత్రం గోడ మీద చెక్కుచెదరకుండా ఉంటుంది! అందుకే పరికరం ఇచ్చే దాత నుంచి కనీసం అయిదేళ్ల రసాయనాలకు, విడిభాగాలకు, మరమ్మతు ఒప్పందానికి సరిపడా సొమ్ము కూడా తీసుకోవాలి. అంత ఇవ్వలేనంటే పరికరమే వద్దనాలి.

ఇక మూలనిధి, అంటే అసలు ముట్టకుండా వడ్డీతో నడిపే నిధి. కోటి రూపాయలు బ్యాంకులో వేస్తే 7 శాతం వడ్డీ వచ్చిందనుకుందాం. అందులో 4.5 శాతమే వాడి, మిగతాది అసలులో కలపాలి. లేకపోతే పెరిగే ధరలు నిధిని తినేస్తాయి. అలా ఏటా చేతికొచ్చేది నాలుగున్నర లక్షలు. జేఆర్ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) నెలకు 37,000 లెక్కన ఏడాదికి 4,44,000. అంటే ఇంటద్దె భత్యం కలపకుండానే కోటికి ఒక్క పరిశోధక విద్యార్థి. ఇది తక్కువనిపించవచ్చు. కానీ నెట్ ఫెలోషిప్ లేనివారికి కేంద్రీయ వర్సిటీల్లో యూజీసీ ఇచ్చే 8,000 కూడా రాష్ట్ర వర్సిటీల పిల్లలకు రాదు. వలస కూలీల ఇంటి నుంచి వచ్చిన పాలమూరు పిల్లకు ఆ ఒక్క ఫెలోషిప్పే చదువు ఆగకుండా కాపాడుతుంది. నా ఓటు దానికే.

డబ్బు ఎవరినుంచి ఏ పద్దు కింద తీసుకోవాలో తెలియకపోతే తంటా. కంపెనీల సీఎస్ఆర్ (సామాజిక బాధ్యత) సొమ్మును 2021 నిబంధనల తర్వాత మూలనిధిలో వేయడానికి వీల్లేదు. అయితే కంపెనీల చట్టం ఏడో షెడ్యూలు ప్రభుత్వ వర్సిటీల్లో శాస్త్ర, సాంకేతిక, వైద్య పరిశోధనకు సీఎస్ఆర్ ఇవ్వొచ్చంటుంది. కాబట్టి మిర్యాలగూడ వైపు సిమెంటు కంపెనీలను, జడ్చర్ల మందుల కంపెనీలను ప్రయోగశాల ఖర్చు అడగాలి. మూలనిధికి వ్యక్తులనే అడగాలి.

అమెరికాలో ఉన్న మనవాళ్ల విషయంలో మరింత జాగ్రత్త కావాలి. భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్లు సొంత సంపాదన నుంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కాదు. అక్కడి పౌరసత్వం తీసుకున్నవాళ్లు భారత సంతతివారికిచ్చే ఓసీఐ కార్డు ఉన్నా చట్టం దృష్టిలో విదేశీయులే. ఎఫ్‌సీఆర్ఏ (విదేశీ విరాళాల నియంత్రణ చట్టం) రిజిస్ట్రేషన్ గానీ ముందస్తు అనుమతి గానీ లేని పూర్వ విద్యార్థుల సంఘం వాళ్ల నుంచి రూపాయి కూడా తీసుకోకూడదు. రిజిస్ట్రేషన్ ఉన్నా సొమ్ము ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖ ఖాతాలోనే పడాలి, దాన్ని మరో సంస్థకు బదలాయించకూడదు. వాట్సాప్ గ్రూపుల్లో ఎవరిదో సొంత ఖాతా నంబరు పెట్టి వసూలు చేయడం ఇకనైనా మానాలి. విరాళాలపై పన్ను మినహాయింపు (80జీ) ఆశ చూపేవాళ్లు ఇంకో మాట కూడా చెప్పాలి: కొత్త పన్ను విధానంలో ఉన్న దాతకు ఆ మినహాయింపు వర్తించదు. పాత విధానంలోనైనా నగదుగా రెండు వేలు దాటి ఇచ్చినదానికి రాదు.

విరాళ పత్రంలో ‘ఇది మూలనిధికే’ అని దాత చేత రాయించుకోవాలి. ‘ఈ అవసరం తీరిపోతే దగ్గరి ప్రయోజనానికి వాడవచ్చు’ అన్న వాక్యమూ చేర్చాలి. లేకపోతే దాత పేర్కొన్న కోర్సు మూతపడినప్పుడు సొమ్ము ఎటూ కదలదు. ఇచ్చిన మాటను వచ్చిన సొమ్ముగా ప్రకటించే అలవాటూ పోవాలి. రెండు వర్సిటీల సంఘాలు వచ్చిందెంత, మూలనిధికి చేరిందెంత, ఎవరి ఫెలోషిప్పుకు ఖర్చయిందెంత అనేది ఏటా జూన్‌లో నోటీసు బోర్డు మీద పెట్టాలని, అలా మూడేళ్ల లెక్కలు బయటపెట్టేదాకా ఆర్చిల ప్రతిపాదనలు పక్కన పెట్టాలని కోరుతున్నాను.

– ఒక పాఠకుడు, నకిరేకల్, నల్లగొండ జిల్లా