పత్తి గింజ ధర ప్రభుత్వం నిర్ణయిస్తుంది, దాని గుణం ఎవరు చెప్పాలి?

గౌరవనీయులైన మహారాష్ట్ర వ్యవసాయ శాఖ మంత్రి గారికి,

నమస్కారం. చంద్రపూర్ జిల్లా రాజురా తాలూకా నుంచి రాస్తున్నాను. 1956కు ముందు మా తాలూకా హైదరాబాద్ రాష్ట్రంలో, ఆదిలాబాద్ జిల్లాలో ఉండేది. ఇప్పటికీ మాకు ఆఫీసులో మరాఠీ, ఇంట్లో తెలుగు. ఈ లేఖ మరాఠీ ప్రతి మీ కార్యాలయానికి విడిగా పంపుతున్నాను. తెలంగాణ సరిహద్దుకు ఇటూ అటూ పత్తి వేసే మావాళ్లు కూడా చదవాలని తెలుగులో రాశాను. నేను జూనియర్ కాలేజీలో ఎకనామిక్స్ చెప్తాను. మా ఇంటి సేద్యం అన్నయ్య చూసుకుంటాడు.

విత్తనాలు వేసే ముందు జాగ్రత్తలు చెప్తారు, పంట పోయాక రైతుకు అవగాహన లేదంటారు. ఈ రెండో మాట మీద నాకు గట్టి అభ్యంతరం ఉంది. పత్తి విషయంలో జరుగుతున్న నష్టం రెండు రకాలు. ఒకటి నిజం తెలియకపోవడం వల్ల వచ్చేది. ఇంకొకటి అన్నీ తెలిసినా ఒక్క రైతు చేతిలో లేనిది. మొదటిదానికైనా రైతుకు నీతులు చెప్తే సరిపోదు, రెండోదానికి అసలే పనికిరావు.

మొదటిది చూడండి. 2025లో బీటీ పత్తి (పురుగును తట్టుకునేలా జన్యువు చేర్చిన పత్తి) గింజల ప్యాకెట్ గరిష్ఠ ధర 901 రూపాయలని కేంద్రం నిర్ణయించింది. ధర అందరికీ తెలుసు, లోపల ఉన్న గింజ సంగతి మాత్రం అమ్మేవాడికి తెలిసినంత కొనేవాడికి తెలియదు. మందు పట్టించి రంగు పూసిన గింజలు అరచేతిలో పోసుకుని చూస్తే మంచిదీ నాసిదీ ఒకేలా ఉంటాయి. తేడా తెలిసేది పూత, కాయ దశల్లోనే. అప్పటికి అదును దాటిపోతుంది, మళ్లీ విత్తే వీలుండదు. జార్జ్ అకెర్‌లాఫ్ అనే ఆర్థికవేత్త 1970లో పాత కార్ల బజారును ఉదాహరణగా తీసుకుని ఇదే చెప్పాడు: మంచి చెడు తేడా తెలియని కొనుగోలుదారు మంచి సరుక్కి ఎక్కువ ఇవ్వడు, దాంతో మంచి సరుకు అమ్మేవాడు బజారు వదిలిపోతాడు, నాసిరకం మిగులుతుంది. 2001లో ఆయనకు మరో ఇద్దరితో కలిపి నోబెల్ వచ్చింది. మా కృషి సేవా కేంద్రాల ముందు నిలబడితే ఆ సిద్ధాంతం కళ్లారా కనిపిస్తుంది. ఉద్దెరకు ఇచ్చే దుకాణదారు ఏ కంపెనీ పేరు చెప్తే అదే ఆ ఏడు మా కంపెనీ.

చోర్ బీటీ, అంటే అనుమతి లేకుండా దొంగచాటుగా అమ్మే పత్తి గింజ, అమ్మకం సాగేది ఈ చీకట్లోనే. సరిహద్దుకు అటు బీటీ-3 అంటారు, ఎక్కువగా లూజుగా దొరుకుతుంది. గడ్డి మందు కొట్టినా చెట్టు చావదన్నది దాని గిరాకీకి కారణం. కలుపుకు కూలీలు దొరకని రోజుల్లో ఆ మాటకు రైతు పడిపోతే తప్పుపట్టలేను. కానీ అందులో పురుగును తట్టుకునే గుణం ఎంత ఉందో పరీక్షించి చెప్పే దిక్కు లేదు. బిల్లు ఉండదు. పంట పోతే 2009 నాటి మన రాష్ట్ర పత్తి విత్తన చట్టం కింద పరిహారం అడగడానికి ఆధారమే ఉండదు. ఇక 1966 విత్తన చట్టం ప్రకారం మొదటి తప్పుకు జరిమానా గరిష్ఠంగా 500 రూపాయలు. అంటే ఒక ప్యాకెట్ ధర కన్నా తక్కువ! ఇదా భయం పెట్టే శిక్ష?

ఆ చోర్ బీటీ చేలో కొట్టిన గడ్డి మందు గాలికి పక్క చేను కంది మీద పడి, ఆకులు పసుపెక్కి, చెట్లు ఎండిపోతే నష్టం ఎవరిది? మందు కొట్టినవాడి లెక్కలో అది రాదు, అమ్మినవాడి లెక్కలో అసలే రాదు.

రెండో రకం నష్టం ఇక్కడే మొదలవుతుంది. అసలు కథ పత్తి కాయను లోపలి నుంచి తినే గులాబీ రంగు పురుగుది. 2002లో బీటీ పత్తికి అనుమతి ఇచ్చినప్పుడే ఒక షరతు ఉంది: చేను చుట్టూ అయిదు వరుసలు గానీ, పొలంలో 20 శాతం గానీ, ఏది ఎక్కువైతే అంత మామూలు పత్తి వేయాలి. అక్కడ పెరిగిన మామూలు పురుగులు, బీటీని తట్టుకున్న కొద్దిపాటి పురుగులతో జతకడితే వాటి పిల్లలు బీటీకి చస్తాయి. అందుకే 450 గ్రాముల బీటీ గింజతో పాటు 120 గ్రాముల మామూలు గింజ ఇచ్చేవారు. కొన్ని ప్యాకెట్లలో దాని బదులు కంది గింజలు వచ్చేవి. గులాబీ పురుగు కంది మీద బతకదు, దాని విషయంలో ఆ కంది దండగ. ఆ మాట మాకు చెప్పింది ఎవరు?

చెప్పినా ఎంతమంది వేసేవారు? ఆ 20 శాతంలో పోయే దిగుబడి నాది, దానివల్ల లాభం చుట్టుపక్కల అందరిదీ. ఏ రైతు లెక్క వేసుకున్నా వేయకపోవడమే నయం అనిపిస్తుంది. అందరూ అదే లెక్క వేశారు. తిలా పాపం తలా పిడికెడు. 2006లో రెండు జన్యువుల బీటీ వచ్చింది, పురుగు దాన్నీ తట్టుకుంది. 2017లో విదర్భ పత్తిని ముంచింది. అదే ఏడాది యవత్‌మాల్‌లో పురుగుమందులు కొడుతూ 20 మందికి పైగా రైతులు, కూలీలు చనిపోయారు. డబ్బా మీది ఎర్ర త్రికోణానికి అర్థం ఏమిటో, ఏ మందులో ఏది కలపకూడదో వాళ్లకు చెప్పే మనిషి దుకాణదారు తప్ప వేరే లేడు.

రేకులు విచ్చుకోకుండా ముడుచుకుపోయిన పత్తి పూలను మేం గుడ్డి పూలంటాం. గోటితో విప్పితే లోపల పుప్పొడి తింటూ సన్నటి పురుగు. అది కాయలోకి దిగిందంటే, దూరిన రంధ్రం పూడిపోతుంది, బయటికి కాయ నిండుగానే కనిపిస్తుంది. ఏ మందూ లోపలికి చేరదు. కాబట్టి దాని బతుకుచక్రాన్ని తెంచడమే దారి: డిసెంబరు చివరికల్లా పంట ముగించి పత్తి కట్టె తీసేయాలి. అన్నయ్య అలాగే తీసేస్తాడు. పక్కాయన నీళ్లు పెట్టి మార్చి దాకా ఫరదడ్ (పాత చెట్ల మీదే తీసే రెండో పంట) ఉంచుతాడు. ఆయన మీద నాకు కోపం లేదు. ఫిబ్రవరిలో ఏరే పత్తితో బాకీ తీరుతుంది, ఆ ఆదాయాన్ని ఎవరి కోసం వదులుకోవాలి? కానీ ఆ చెట్ల మీద బతికిన పురుగే వచ్చే ఏడు మా చేనికొస్తుంది. అన్నయ్యకు ఇక ఏం అవగాహన కల్పిస్తారు?

పురుగు చక్రం తెగాలని మీ శాఖ కొన్నేళ్లు జూన్ 1కి ముందు రైతులకు పత్తి విత్తనాలు అమ్మొద్దని ఆదేశించింది, మంచి ఆలోచన. అయితే ఆ ఆదేశం తెలంగాణ సరిహద్దులోని లక్కడ్‌కోట్ చెక్‌పోస్టు దాటితే చెల్లేది కాదు. రెక్కల పురుగుకు చెక్‌పోస్టు ఉండదు.

అందుకని నేను అడిగేది ఇది. దుకాణాలకు వచ్చిన ప్రతి లాట్ మొలక శాతం, బీటీ గుణం పరీక్ష ఫలితాలను విత్తడానికి ముందే దుకాణం బయట బోర్డు మీద, మా తాలూకాల్లో మరాఠీతో పాటు తెలుగులో పెట్టించండి. మొలక మోకాలెత్తు వచ్చాక వచ్చే రిపోర్టు కేసు పెట్టడానికి పనికొస్తుందేమో గానీ రైతుకు పనికిరాదు. డిసెంబరులో పంట ముగించే పనిలో రైతును కాదు, ఊరిని లెక్కలోకి తీసుకోండి. ఊరంతా కట్టె తీసేస్తే, వదులుకున్న ఏరుడుకు ఎకరానికి ఇంత అని ప్రతి ఇంటికీ ఇవ్వండి. ఆ ఖర్చు మందులకు, పరిహారాలకు పెట్టే ఖర్చుతో పోల్చి చూడమని మీ అధికారులకు చెప్పండి. ఆడ పురుగు వాసన (ఫెరోమోన్) చల్లి జత కలవకుండా చేసే పద్ధతి నాగ్‌పూర్‌లోని కేంద్రీయ పత్తి పరిశోధన సంస్థకు తెలుసు. అది విడివిడి చేలల్లో కన్నా పక్కపక్కనే ఉన్న పొలాలన్నిట్లో ఒకేసారి పెడితేనే పనిచేస్తుంది. పత్తి నుంచి గింజ తీసే జిన్నింగ్ మిల్లుల్లో, మగ పురుగులను పట్టే ఎరబుట్టలు తప్పనిసరి చేయండి.

ఇవన్నీ చేసే ముందు తెలంగాణ వ్యవసాయ మంత్రితో ఒకసారి కూర్చోండి. అమ్మకం మొదలయ్యే తేదీ, పంట ముగించే తేదీ చంద్రపూర్, యవత్‌మాల్, ఆదిలాబాద్, ఆసిఫాబాద్ జిల్లాలకు ఒకటే ఉండాలి. వచ్చే ఖరీఫ్ విత్తనాలు దుకాణాలకు చేరకముందే ఆ సమావేశం జరగాలని కోరుతున్నాను.

ఇట్లు,
రాజురా తాలూకా పత్తి రైతు కుటుంబానికి చెందిన ఒక అధ్యాపకుడు