ఐదో నెలలోనే చెప్పండి

సంపాదకులకు నమస్కారం.

మాది మదనపల్లె. అమ్మాయి కాన్పు కోసం వచ్చి బెంగళూరు కె.ఆర్.పురంలో ఉంటున్నాను. ఏడో నెలలో ఒకరోజు ఉతకడానికి తీసిన తన నైటీ మీద, రొమ్ము దగ్గర, రూపాయి బిళ్లంత మరక కనిపించింది. పసుపు రంగులో, గంజి పెట్టినట్టు బిరుసుగా ఉంది. అడిగితే ఏడ్చేసింది. ఏదో జబ్బనుకుని నాలుగు రోజులుగా దాచుకుందట.

అవి ముర్రుపాలే. నాలుగైదు నెలలకే తయారవడం మొదలవుతాయనీ, కొందరికి కారతాయనీ, కొందరికి కారవనీ, రెండూ మామూలేననీ డాక్టరమ్మ చెప్పింది. ఒంట్లో ఊరే ఈస్ట్రోజెన్ అనే హార్మోన్ పాల నాళాలను పెంచుతుందట, ప్రొజెస్టెరాన్ అనే హార్మోన్ పాలు ఊరే తిత్తులను పెంచుతుందట. పాలు ఊరడానికి ప్రొలాక్టిన్ అనే ఇంకో హార్మోన్ కావాలి. మరి కాన్పుకు ముందే పాలు ఎందుకు పొంగవు? మాయ నుంచి వచ్చే ప్రొజెస్టెరానే వాటిని ఆపి ఉంచుతుంది. మాయ బయటపడ్డాక అది తగ్గిపోయి, రెండు మూడు రోజుల్లో పాలు పడతాయి. ఆపరేషన్ అయితే ఇంకాస్త ఆలస్యం కావచ్చు. ఇద్దరిని కన్న నాకే ఇది ఇన్నాళ్లూ తెలియదు!

కాన్పు వేరే ఆసుపత్రిలో అయింది. మొదటిరోజు సాయంత్రానికే నర్సు వచ్చి "పాలు పడలేదు, డబ్బా పాలు పట్టండి" అంది. అమ్మాయి టెన్షన్ పడలేదు. బిడ్డను రొమ్ముకు పట్టించి, తర్వాత ఉగ్గుగిన్నెలోకి పిండితే అర చెంచా చిక్కటి ముర్రుపాలు వచ్చాయి. మొదటిరోజు పసిబిడ్డ పొట్టలో ఒక విడతకు పట్టేది చెంచా, చెంచాన్నరే. మూడోరోజు తెల్లవారేసరికి జాకెట్ తడిసిపోయింది. బిడ్డ ఏడిస్తే చాలు, దూడను చూసిన ఆవులా చేపు వచ్చేది. అది ఆక్సిటోసిన్ అనే మరో హార్మోన్ పనట.

పక్క మంచం మీద చిత్తూరు వైపు పిల్ల ఉండేది. తొలి కాన్పు. తనకు ఎవరూ ఏమీ చెప్పలేదు. చెప్పిన రెండు ముక్కలూ కన్నడంలోనో ఇంగ్లిషులోనో చెప్పారు. నాకు పాలు లేవేమో అత్తా అని రాత్రంతా కుమిలిపోయింది. బిడ్డకు డబ్బా పాలే పట్టారు. నిజంగా అవసరమైన బిడ్డలూ ఉంటారు, కాదనను. కానీ అది డాక్టరు చూసి చెప్పాలి, కంగారులో కాదు.

ఐదో నెల స్కానింగ్‌కు వచ్చినప్పుడే పది నిమిషాలు కూర్చోబెట్టి, వాళ్లకు అర్థమయ్యే భాషలో ఇదంతా చెప్పాలని ఆసుపత్రులను వేడుకుంటున్నాను. మీరు కూడా బొమ్మలతో ఒక పేజీ వేయండి. కత్తిరించి మా అపార్ట్‌మెంట్ నోటీసు బోర్డు మీద నేనే అంటిస్తాను.

– ఒక అమ్మమ్మ, కె.ఆర్.పురం, బెంగళూరు