కంటి చుక్కలనూ మందుల లెక్కలో చేర్చాలి

సంపాదక మహాశయా,

74 ఏళ్ల మా అమ్మగారికి నీటికాసుల జబ్బు (గ్లకోమా) ఉందని తేలడంతో కంటి డాక్టరు టిమోలాల్ చుక్కలు రాసిచ్చారు. ఉదయం ఒకసారి, రాత్రి ఒకసారి వేసుకోవడం మొదలుపెట్టిన నెల రోజులకే ఆమెను నీరసం పట్టుకుంది. మంచం దిగితే కళ్లు తిరిగేవి. వయసు మీద పడుతున్నది కదా అని మేము సరిపెట్టుకున్నాము. ఒకనాడు పెరట్లో తూలిపోగా ఆసుపత్రికి తీసుకువెళితే నాడి నిమిషానికి 44 సార్లు మాత్రమే కొట్టుకుంటోంది. వాడుతున్న మందులన్నీ చూపించమంటే బీపీ, షుగరు మాత్రల డబ్బా ఇచ్చాము గానీ, ఇంట్లో గూట్లో ఉన్న చుక్కల సీసా మాకెవరికీ గుర్తు రాలేదు. మర్నాడు ఒక నర్సు, "కంట్లో ఏమైనా వేసుకుంటున్నారా అమ్మా?" అని అడిగిన తరువాతే అసలు సంగతి బయటపడింది.

టిమోలాల్ గుండె వేగాన్ని తగ్గించే బీటా బ్లాకర్ల కోవలోని మందు. అమ్మ వేసుకునే బీపీ మాత్ర కూడా ఆ కోవదే. చుక్క వేసుకున్న కాసేపటికి గొంతులో చేదు తగలడం చాలామందికి అనుభవమే. కంటి నుంచి ముక్కులోకి సన్నని నాళం ఉండటమే దానికి కారణం. ఆ దారిన దిగిన మందు ముక్కు లోపలి పొర నుంచి నేరుగా రక్తంలో కలుస్తుంది. మింగిన మాత్రలో కొంత భాగాన్ని కాలేయం ముందే విరిచేస్తుంది గానీ, ఇలా వెళ్లిన మందుకు ఆ వడపోత ఉండదు. అందువల్లనే ఉబ్బసం ఉన్నవారికి ఈ చుక్కలు ఇవ్వకూడదు, ఊపిరాడని స్థితి రావచ్చు. షుగరు ఉన్నవారిలో చక్కెర పడిపోయేటప్పుడు హెచ్చరికగా వచ్చే గుండెదడను కూడా ఇవి కప్పిపుచ్చగలవు.

దీన్ని చదివి ఎవరూ తమంతట తాము చుక్కలు మానకూడదని వేడుకుంటున్నాను. నీటికాసుల వల్ల పోయిన చూపు తిరిగి రాదు. అమ్మకు కూడా డాక్టర్లు మాట్లాడుకుని వేరే రకం చుక్కలకు మార్చారు, వారంలో నాడి కుదుటపడింది. ఒక్క చుక్క వేసుకుని, కళ్లు మూసుకుని, ముక్కు వైపున్న కంటి మూలను వేలితో రెండు మూడు నిమిషాలు నొక్కి ఉంచితే రక్తంలోకి చేరే మందు బాగా తగ్గుతుంది, కంటికి అందేదీ పెరుగుతుంది. ఇంత తేలికైన జాగ్రత్తను చీటీ రాసిన చోట గానీ, మందుల షాపులో గానీ మాకు ఎవరూ చెప్పలేదన్నదే నా బాధ. సీసాతో వచ్చే కాగితంలో చీమతలంత ఇంగ్లీషు అక్షరాలే ఉంటాయి, వాటిని చూపు మందగించిన మనిషి ఎలా చదవగలదు?

ఇది ఒక్క వైపు నుంచే జరిగేది కాదు. ప్రోస్టేట్ సమస్యకు వాడే టామ్సులోసిన్ మాత్ర వల్ల శుక్లాల ఆపరేషన్ సమయంలో కనుపాప చుట్టూ ఉండే పొర పట్టు తప్పుతుంది. ఆ మాత్ర సంగతి కంటి డాక్టరుకు ముందే తెలిస్తే తగిన ఏర్పాట్లు చేసుకోగలుగుతారు.

కాబట్టి ఆసుపత్రుల్లో వివరాలు రాసుకునేవారు "ఏ మాత్రలు వాడుతున్నారు?" అని అడిగి ఊరుకోకుండా చుక్కలు, పీల్చే మందులు, పూత మందుల గురించి కూడా విడివిడిగా అడగాలని, చుక్కల సీసాతో పాటు తెలుగులో పెద్ద అక్షరాల చీటీ ఇచ్చేలా రెండు రాష్ట్రాల ఆరోగ్య శాఖలు చూడాలని కోరుతున్నాను. మందు వికటించిందని అనుమానం వస్తే మందుల దుష్ప్రభావాలను నమోదు చేసే కేంద్ర ప్రభుత్వ ఫార్మకోవిజిలెన్స్ విభాగపు ఉచిత నంబరు 1800-180-3024కు రోగి బంధువులు కూడా ఫోన్ చేసి చెప్పవచ్చు.

— ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, తెనాలి