బీ2 అని భయపెట్టారు సరే, మిగతాది కూడా రాయండి

ఎడిటర్ గారికి నమస్కారం,

బ్రిటన్ వీసాకి ఇంగ్లిష్ రూల్ టైట్ చేశారని మీ పేపర్లో వార్త వచ్చిన రోజే మా చుట్టాల్లో ఇద్దరు నాకు ఫోన్ చేశారు, అమ్మాయికి పెళ్లి కుదిరింది, అబ్బాయి అక్కడ సెటిలయ్యాడు, ఇప్పుడు బీ2 రాయాలంట కదా, కోచింగ్ సెంటర్ వాళ్లు ఆర్నెల్ల కోర్సు అంటున్నారు అని ఒకటే కంగారు. రాయక్కర్లేదండీ. ఇంగ్లిష్ ఎంత వచ్చో కొలిచే మెట్లివి, ఏ1 అన్నిటికంటే కింద, ఆ పైన ఏ2, బీ1, బీ2. 2026 జనవరి 8 నుంచి బీ1 కాస్తా బీ2 అయింది ఉద్యోగం మీద వచ్చే స్కిల్డ్ వర్కర్ లాంటి వీసాలకి కొత్తగా అప్లై చేసేవాళ్లకి. బ్రిటన్‌లో సెటిలైన భర్త దగ్గరికి వచ్చే అమ్మాయికి ఏ1 చాలు, అదీ వినడం మాట్లాడడమే, చదవడం రాయడం లేదు. ఈ రెండు వాక్యాలు మీ వార్తలో ఉండుంటే ఆ ఆర్నెల్ల ఫీజు మిగిలేది.

ఇంకో సంగతి, ఇది ఏ ఏజెంటూ చెప్పడు. అమ్మాయి ఇంగ్లిష్ మీడియంలో డిగ్రీ చేసుంటే టెస్టే అక్కర్లేదు. కాకపోతే కాలేజీ వాళ్లిచ్చిన లెటర్ ఒక్కటే సరిపోదు, ఎక్టిస్ అనే సంస్థ నుంచి ఈ డిగ్రీ బ్రిటన్ డిగ్రీకి సమానం, ఇంగ్లిష్‌లోనే చెప్పారు అని కాగితం తెచ్చుకోవాలి. బీటెక్ చేసిన పిల్లలు కూడా వెళ్లి ఏ1 కోచింగ్‌లో కూర్చుని వాట్ ఈజ్ యువర్ నేమ్ అని బట్టీ పడుతుంటే ఏమనాలో నాకు తెలీదు.

మా మరదలిది, అంటే తమ్ముడి భార్యది, తెలుగు మీడియం, కాబట్టి రాయక తప్పలేదు. కోచింగ్ వాళ్లు రెండు పేజీల షీట్ ఇచ్చారు, హాబీలు కుకింగ్, టీవీ, ఫ్యామిలీలో నలుగురు, ఇలా. ఐఈఎల్‌టీఎస్ లైఫ్ స్కిల్స్ అనే ఆ టెస్టులో ఎగ్జామినర్ ముందు ఇద్దర్ని కూర్చోబెట్టి వాళ్లలో వాళ్లని మాట్లాడుకోమంటారు. పక్కనమ్మాయి వానంటే ఇష్టమా అని అడిగిందట, షీట్‌లో వాన లేదు, మావాళ్లమ్మాయి ధైర్యంగా మై హస్బెండ్ ఈజ్ ఇంజనీర్ అనేసిందట. అయినా పాసయింది!

ఇంగ్లండ్‌లో మేముండే లెస్టర్ వచ్చాక తెలిసింది అసలు కథ. జీపీ సర్జరీకి, అంటే ఇక్కడి డాక్టరు క్లినిక్‌కి, ఫోన్ చేస్తే రిసెప్షన్ ఆవిడ "ఆల్‌రైట్ మి డక్" అంది, ఇక్కడ అది ముద్దుగా పిలిచే మాట, ఈ పిల్ల ఫోన్ పెట్టేసి "వదినా, ఆవిడ నన్ను బాతు అంటోందేంటి" అని కళ్లనీళ్లు పెట్టుకుంది. అప్పట్నుంచి ఫోన్లన్నీ మా తమ్ముడే చేసేవాడు. బ్యాంకు, డాక్టరు, కౌన్సిలు అన్నీ వాడే. రూల్‌ని తిట్టేవాళ్లతో నేను కలవనిది ఇక్కడే, ఆ ఏ1 కూడా లేకపోతే మన ఇళ్లలో ఆమాత్రం కూడా నేర్పించరు.

షార్ట్‌కట్‌లు వెతికేవాళ్లు ఇదొకటి గుర్తుంచుకోవాలి. 2014లో వీసాల కోసం రాసే టోయిక్ అనే ఇంగ్లిష్ టెస్టుల్లో ఒకరి బదులు ఒకరు రాస్తున్నారని బీబీసీ టీవీ కార్యక్రమం పనోరమా బయటపెట్టింది. ఆ తర్వాత అన్నీ తిరగేసి 58 వేల పైచిలుకు టెస్టుల్లో 97 శాతం అనుమానమే అని లెక్క తేల్చారు. దొంగలతో పాటు నిజంగా కూర్చుని రాసుకున్నవాళ్ల వీసాలూ పోయాయి, ఏళ్ల తరబడి కోర్టుల చుట్టూ తిరిగారు పాపం.

అన్నట్టు, మెట్లు చాలా ఉన్నాయి. వచ్చేటప్పుడు ఏ1, రెండున్నరేళ్లకి ఎక్స్‌టెన్షన్‌కి ఏ2, సెటిల్‌మెంట్‌కి, అంటే శాశ్వతంగా ఉండిపోడానికి, బీ1, దాంతో పాటు బ్రిటన్ గురించి లైఫ్ ఇన్ ది యూకే అని 50 పౌండ్ల పరీక్ష, 45 నిమిషాల్లో 24 ప్రశ్నలు, 18 కరెక్ట్ అవ్వాలి. సర్టిఫికెట్‌కి రెండేళ్లే గడువు, కానీ ఒకసారి బీ1 పాసై దాన్ని వీసాకి ఒప్పుకున్నారంటే గడువు అయిపోయినా సెటిల్‌మెంట్‌కి అదే మళ్లీ వాడుకోవచ్చు, టెస్టు గుర్తింపు జాబితాలో ఉంటే చాలు. కాస్త వచ్చినవాళ్లు ముందే బీ1 రాసేసుకుంటే మూడు టెస్టుల బదులు ఒకటి. 2025 మేలో బ్రిటన్ ప్రభుత్వం ఇచ్చిన శ్వేతపత్రంలో సెటిల్‌మెంట్‌కి బీ2 చేస్తామని, వర్క్ వీసా వాళ్ల డిపెండెంట్లకి కూడా టెస్టు పెడతామని రాశారు కాబట్టి అప్లై చేసే రోజు రూల్ ఏంటో గవర్నమెంట్ సైట్లో చూసుకోవాలి, ఏజెంట్ వాట్సాప్‌లో కాదు. మీరు వేస్తే ఇవి వేయండి సార్.

మా మరదలికి ఏ2 వదిలేసి నేరుగా బీ1 బుక్ చేశాం, వచ్చే నెల్లో. ఈసారి షీట్ లేదు, శనివారాలు లైబ్రరీలో ఇంగ్లిష్ కబుర్ల గ్రూప్‌కి వెళ్తోంది. ఇప్పుడు పొద్దున ఎనిమిదైంది, జీపీకి తనే ఫోన్ చేసింది, క్యూలో పద్నాలుగో నంబరంట, స్పీకర్‌లో ఆ మ్యూజిక్ వింటూ పక్కన కూర్చుని ఈ ఉత్తరం రాస్తున్నా.

ఇట్లు
ఒక పాఠకురాలు, లెస్టర్