రాకెట్ వెళ్లిపోయాక కూడా రాయండి

సంపాదకులకు నమస్కారం.

2024 జనవరి 1 ఉదయం 9 గంటల 10 నిమిషాలకు శ్రీహరికోట నుంచి పీఎస్‌ఎల్‌వీ-సీ58 రాకెట్ ఎక్స్‌పోశాట్ అనే ఉపగ్రహాన్ని తీసుకెళ్లి 650 కిలోమీటర్ల ఎత్తున వదిలింది. మర్నాడు పత్రికల్లో నిప్పులు చిమ్ముతూ లేస్తున్న రాకెట్ ఫొటో, బ్లాక్ హోల్స్ గుట్టు తేలుస్తుందని ఒకటి రెండు వాక్యాలు చూశాను. ఆ తర్వాత ఆ ఉపగ్రహం దేన్ని చూసింది, ఎందుకు చూసింది అన్న సంగతి మన జిల్లా పేజీల్లో నాకు కనబడలేదు. ప్రతి ప్రయోగానికీ ఇదే తీరు. కౌంట్‌డౌన్ గంటగంటకూ రాస్తారు. రాకెట్ మబ్బుల్లోకి పోగానే వార్త కూడా పోతుంది. దీన్ని మార్చమని అడగడానికే ఈ ఉత్తరం రాస్తున్నాను.

2022 ఏప్రిల్‌లో సూళ్లూరుపేట, శ్రీహరికోట తిరుపతి జిల్లాలో కలిశాయి. అయినా నెల్లూరు వాళ్లకు షార్ (శ్రీహరికోట రాకెట్ కేంద్రం) పరాయిది కాలేదు. ప్రయోగం ఉందంటే ఇప్పటికీ మేడలెక్కి దక్షిణం వైపు చూస్తాం. అంత దగ్గర ఉండి కూడా, ఆ రాకెట్ మోసుకెళ్లిన పెట్టెలో ఏముందో మన పిల్లలకు తెలియకపోతే ఎలా?

ఎక్స్‌పోశాట్ పని ఎక్స్-కిరణాల ధ్రువణాన్ని కొలవడం. ఎక్స్-కిరణాలూ ఒక రకం వెలుతురే. వెలుతురు సాగే దారికి అడ్డంగా ఊగుతూ పోతుంది. ఆ ఊపు అన్ని దిక్కులకూ కలగాపులగంగా ఉందా, ఒకే దిక్కుకు ఉందా అని చెప్పేదే ధ్రువణం. ఇందులోని ముఖ్య పరికరం పోలిక్స్‌ను బెంగళూరులోని రామన్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్ తయారు చేసింది. 2024 జనవరిలోనే అది క్రాబ్ పల్సార్ అనే గిరగిరా తిరిగే నక్షత్రం మీద గురిపెట్టి పని మొదలుపెట్టింది. ఐదేళ్లలో సుమారు 40 నక్షత్ర వస్తువుల్ని చూడాలని లెక్క. ఈ తరహా కొలతల్లో నన్ను అన్నిటికంటే ఎక్కువగా పట్టుకున్నది ఒకటుంది. మహా బలమైన అయస్కాంత క్షేత్రంలో వెలుతురు ఎలా నడుస్తుందన్న ప్రశ్న. దాన్ని మన పిల్లలకు విప్పి చెప్పే వస్తువు మన మట్టిలోనే దొరుకుతుంది.

అదే నెల్లూరు అభ్రకం. గూడూరు, సైదాపురం గనుల మైకా ఒకప్పుడు ఓడలెక్కి విదేశాలకు పోయిన సరుకు. ఒకే దిక్కుకు ఊగే వెలుతురును మాత్రమే వదిలే పోలరాయిడ్ షీట్లు రెండు తీసుకుని ఒకదాని మీద ఒకటి పెట్టి, పైదాన్ని పావు చుట్టు తిప్పితే వెలుతురు పూర్తిగా ఆగిపోతుంది. ఇప్పుడు ఆ రెండింటి మధ్య పలచని అభ్రకం రేకు దూర్చి కొంచెం తిప్పండి. చీకటిగా ఉన్నచోట వెలుతురు వస్తుంది, రేకు మందాన్ని బట్టి రంగులు కూడా వస్తాయి. కారణం ఏమిటంటే, అభ్రకంలోకి వెళ్లిన వెలుతురు రెండు పాయలవుతుంది. ఒక దిక్కుకు ఊగే పాయ కాస్త ముందు, దానికి అడ్డంగా ఊగే పాయ కాస్త వెనక నడుస్తాయి. దీన్నే పుస్తకాల్లో ద్వివక్రీభవనం అంటారు. చీమకుర్తి గ్రానైట్‌ను పలచగా అరగదీసి జియాలజీ వాళ్లు మైక్రోస్కోపు కింద చూసేదీ ఈ పద్ధతిలోనే.

రాయికి, రేకుకు ఇలాంటి గుణం ఉందంటే ఎవరైనా నమ్ముతారు. ఏమీ లేని శూన్యానికి ఉంటుందా? పాత లెక్క ప్రకారం ఉండదు. 1845లో ఫారడే గాజులో వెళ్లే వెలుతురు ధ్రువణాన్ని అయస్కాంతంతో తిప్పి చూపించాడు. కానీ అక్కడ గాజు ఉంది. శూన్యంలో అయితే వెలుతురు అయస్కాంత క్షేత్రాన్ని పట్టించుకోకుండా పోవాలని, విద్యుత్తు, అయస్కాంతం, వెలుతురు మూడింటినీ కలిపి చెప్పే మాక్స్‌వెల్ సమీకరణాలు చెప్పాయి. 1936లో జర్మన్ శాస్త్రవేత్త హైజెన్‌బర్గ్, ఆయన శిష్యుడు హాన్స్ ఆయిలర్ ఇంకో లెక్క కట్టారు. క్వాంటమ్ సిద్ధాంతం ప్రకారం శూన్యం నిజంగా ఖాళీ కాదు. అందులో ఎలక్ట్రాన్, దానికి ఎదురు ఆవేశం ఉన్న పాజిట్రాన్ జంటలు క్షణంలో కోటానుకోట్ల వంతు సేపు పుట్టి పోతుంటాయి. బలమైన అయస్కాంత క్షేత్రం పెడితే ఆ జంటల ప్రభావం వల్ల శూన్యమే అభ్రకం రేకులా ప్రవర్తిస్తుంది. ఈ లెక్క కట్టిన ఆయిలర్ 1941లో యుద్ధంలో చనిపోయాడు. తన మాట ఎక్కడైనా నిజమవుతుందేమో చూసుకునే అవకాశం అతనికి దక్కలేదు.

చూడటం అంత సులువు కాదు మరి. అభ్రకం రేకులో రెండు పాయల మధ్య తేడా వెయ్యికి నాలుగైదు వంతులు. అయస్కాంత క్షేత్రం బలాన్ని టెస్లాల్లో కొలుస్తారు; ఆసుపత్రిలోని ఎంఆర్ఐ మెషీన్ బలం 1.5 లేదా 3 టెస్లాలు. ఒక టెస్లా క్షేత్రంలో శూన్యం చూపే తేడా ఎంతంటే, దశాంశ బిందువు తర్వాత 23 సున్నాలు పెట్టి 4 వేయాలి. ఇటలీలో పీవీఎల్‌ఏఎస్ అనే ప్రయోగం వాళ్లు ఈ తేడాను పట్టుకోవడానికి అయస్కాంతాలను గిరగిరా తిప్పుతూ, వాటి మధ్య అద్దాలతో లేజర్‌ను లక్షలసార్లు అటూ ఇటూ పంపుతూ 25 ఏళ్లు శ్రమించారు. ఆ కొలతకు దగ్గరగా వచ్చి ఆగిపోయారు. నా దృష్టిలో అది ఓటమి కాదు. ఆ ఓపికను కూడా మన పిల్లలకు చెప్పాలి.

నేల మీద దొరకనిది ఆకాశంలో దొరుకుతుంది. పెద్ద నక్షత్రం పేలిపోయాక మిగిలే గట్టి ముద్దను న్యూట్రాన్ నక్షత్రం అంటారు. దాని అడ్డుకొలత 20 కిలోమీటర్లు, కాస్త అటూ ఇటూ. బరువు మాత్రం సూర్యుడి కంటే ఎక్కువ. వీటిలో మాగ్నెటార్లనే రకం ఉంది. వాటి క్షేత్రం వెయ్యి కోట్ల నుంచి పదివేల కోట్ల టెస్లాల దాకా ఉంటుంది. శూన్యం గుణం బాగా బయటపడటానికి కావలసిన హద్దు 440 కోట్ల టెస్లాలు. ఆ హద్దు దగ్గర శూన్యం చూపే తేడా అభ్రకం రేకులో తేడాకు యాభై అరవయ్యో వంతు దాకా వస్తుంది. రేకు మందం కాగితమంత. నక్షత్రం చుట్టూ ఉన్న ఆ శూన్యంలో వెలుతురు కిలోమీటర్ల కొద్దీ నడవాలి. అందుకే అక్కడ ఆశ.

నక్షత్రం ఉపరితలం మీద ఒక్కో చోట క్షేత్రం ఒక్కో దిక్కుకు ఉంటుంది. కాబట్టి అక్కడినుంచి వచ్చే వెలుతురు ధ్రువణాలన్నీ కలిసి చాలావరకు ఒకదాన్నొకటి కొట్టేసుకోవాలి. శూన్యానికి ఆయిలర్ చెప్పిన గుణం ఉంటే వెలుతురు ఊపు నక్షత్రానికి దూరం దాకా క్షేత్రం దిక్కునే అనుసరిస్తూ వస్తుంది. దూరంలో క్షేత్రం సర్దుకుని ఉంటుంది కాబట్టి మనదాకా వచ్చేసరికి ధ్రువణం బలంగా మిగులుతుంది. 2016లో చిలీలోని వీఎల్‌టీ టెలిస్కోపుతో సుమారు 400 కాంతి సంవత్సరాల దూరంలోని ఒక న్యూట్రాన్ నక్షత్రాన్ని చూస్తే 16 శాతం ధ్రువణం కనబడింది. చూసినవాళ్లు దాన్ని తిరుగులేని రుజువు అనలేదు, బలమైన సూచన అన్నారు. 2021 డిసెంబరులో అమెరికా, ఇటలీ కలిసి పంపిన ఐఎక్స్‌పీఈ ఉపగ్రహం ఒక మాగ్నెటార్ ఎక్స్-కిరణాలను చూస్తే తక్కువ శక్తి కిరణాల ఊపు ఒక దిక్కుకు, ఎక్కువ శక్తి కిరణాల ఊపు దానికి సరిగ్గా 90 డిగ్రీల అడ్డానికి ఉంది. కిరణాల శక్తిని కిలో ఎలక్ట్రాన్ వోల్టుల్లో కొలుస్తారు. ఐఎక్స్‌పీఈ 2 నుంచి 8 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల కిరణాలను చూస్తుంది. మన పోలిక్స్ 8 నుంచి 30 దాకా చూస్తుంది. అంటే వాళ్ల చూపు ఆగిన చోట మన చూపు మొదలవుతుంది. మనకు కనిపించేంత దూరంలో ఎగిరిన రాకెట్ ఇలాంటి పనికి వెళ్లిందన్న మాట ఒక్క పేరా రాసినా ఎంత బాగుండేది!

ఇంటర్ రెండో సంవత్సరం ఫిజిక్స్‌లో ధ్రువణం పాఠం ఉంది. నేను ఆ పాఠం చెప్పి రిటైరైనవాణ్ణి. పిల్లలు మాలస్ నియమం అప్పజెబుతారు, బిట్లు పెడతారు, మార్కులు తెచ్చుకుంటారు. పోలరాయిడ్ షీటును చేత్తో పట్టుకుని తిప్పి చూసినవాళ్లు నాకు చాలా తక్కువమంది తగిలారు. ఎంట్రన్స్ టెన్షన్‌లో ఉన్న పిల్లల్ని నేను తప్పుపట్టను. షీట్లు కొనిపెట్టాల్సింది మనం. అదేమీ ఖరీదైన వస్తువు కాదు. ఎల్‌సీడీ తెర నుంచి వచ్చే వెలుతురు ముందే ధ్రువణం చెంది ఉంటుంది కాబట్టి, కంప్యూటరు ఉన్న బడిలో ఒక్క షీటున్నా సరిపోతుంది.

అందుకని నెల్లూరు, ప్రకాశం జిల్లాల విద్యాశాఖ అధికారులకు మీ పత్రిక ద్వారా ఒక మనవి. ఫిబ్రవరి 28న జాతీయ సైన్స్ దినోత్సవం పేరిట వ్యాసరచన, క్విజ్ పెట్టడం మామూలే. ఈసారి ప్రతి ఉన్నత పాఠశాలలో రెండు పోలరాయిడ్ షీట్లు, ఒక అభ్రకం రేకు పెట్టించండి. పిల్లలతోనే చేయించండి. ఆ తర్వాత ఎక్స్‌పోశాట్ గురించి చెబితే తలకెక్కుతుంది.

షార్ అధికారులకు కూడా ఒక మాట. 2019లో తెరిచిన ప్రయోగ వీక్షణ గ్యాలరీకి ఎక్కడెక్కడినుంచో కుటుంబాలతో జనం వస్తున్నారు. ఇప్పటికే కక్ష్యలో ఉన్న ఉపగ్రహాలు ఈ నెల ఏం చూశాయో తెలుగులో చెప్పే బోర్డు అక్కడ ఒకటి ఉండాలి, నెలనెలా మారుతుండాలి.

ఇక మీకు. ప్రయోగం రోజున రాసేది ఎలాగూ రాస్తారు. దాంతోపాటు, శ్రీహరికోట నుంచి వెళ్లిన ఒక ఉపగ్రహం ఏం కనిపెట్టిందో నెలకోసారి జిల్లా పేజీలో అరపేజీ ఇవ్వండి. కొలత వచ్చింది, ఇంకా తేలలేదు, అనుకున్నది కనబడలేదు, ఏదైనా సరే ఉన్నదున్నట్టు రాయండి. రాయడానికి మనిషి కావాలంటే మొదటి కొన్ని నెలలు నేను రాసిస్తాను, డబ్బు అక్కర్లేదు. కావలి చుట్టుపక్కల ఏ బడివాళ్లు పిలిచినా షీట్లు, అభ్రకం నేనే తెచ్చి చూపిస్తాను. ముందు రోజు కబురు చేస్తే చాలు.

ఇట్లు,
ఒక విశ్రాంత ఫిజిక్స్ అధ్యాపకుడు,
కావలి, నెల్లూరు జిల్లా